పస్తు పరీక్ష

"లోపల వాళ్ళు ఆయన్ని పస్తు పెడుతున్నారు, బయట నువ్వు పస్తుంటున్నావు. ఎవరిని ఉద్ధరిద్దామని?" అంది అక్క.

చిన్ని అక్క తెచ్చిన అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద చెయ్యి ఆనించి, గది తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆ తలుపుకి అటువైపు మంచం మీద ఆమె భర్త నిన్న ఉదయం నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ముట్టకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. బిస్కెట్టు ముక్క కూడా లోపలికి రాకుండా నర్సు చిన్ని చేతిసంచీ సైతం వెతికింది.

ఇది తాగుడు కాదు, జబ్బు అని డాక్టరమ్మకు అనుమానం. అది నిజమో కాదో తేలాలంటే మనిషిని తమ కళ్ళెదుట ఆకలితో ఉంచి చూడాలట. జబ్బే అయితే ఒంట్లో చక్కెర పడిపోయి, మళ్ళీ ఆ చెమటలూ ఆ పిచ్చి మాటలూ మొదలవుతాయి. అప్పుడు రక్తం తీసి పరీక్షకు పంపుతారు. ఎంత పస్తున్నా ఏమీ కాకపోతే మాత్రం జబ్బు లేనట్టే. అంటే వీధి వీధంతా అనుకుంటున్నదే నిజమని తేలినట్టు. లిఫ్టు మెకానిక్‌గా పనిచేసే చిన్ని మొగుడు పట్టపగలే తాగుతున్నాడని.

మొన్న అతను ఒక పెద్ద భవనంలో లిఫ్టు మోటారు గదిలో స్పృహ తప్పి పడిపోయాడు. పడే ముందు వాచ్‌మన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడట. అంబులెన్సులోకి ఎక్కించేటప్పటికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆస్పత్రిలో నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికే లేచి కూర్చుని, తన పానా ఎక్కడుందని అడిగాడు. కంపెనీ వాళ్ళకు ఆ వింతలేవీ పట్టలేదు. ఆస్పత్రి వాళ్ళు ఏమంటారో చూసి, ఉద్యోగం ఉంచాలో పీకాలో అప్పుడు చెబుతామన్నారు.

ఉద్యోగం మాట చిన్నికి తర్వాతి సంగతి. అతను పడిపోయిన రోజు పొద్దున్నే ఆమె బట్టలు సర్దుకుంది. అక్క ఇంటికి వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది. కర్టెన్ల షాపులో మిషను మీద కుట్టుకుంటూ ఎక్కడైనా బతకగలదు. ఇప్పుడామెకు తేలవలసింది ఒక్కటే. తను కాపురం చేసింది తాగుబోతుతోనా, రోగితోనా?

అక్క మాత్రం ఎప్పుడో తేల్చేసుకుంది. బండి కింద ఆపించే ఉంచానని, చిన్ని సూట్‌కేసు కూడా అందులోనే ఉందని, ఈ నాటకం చూడడానికి ఇక తన కళ్ళు ఒప్పుకోవడం లేదని చెప్పింది. ఆకలేస్తే ఎవరికైనా నీరసం వస్తుంది గానీ నోట్లోంచి బూతులు వస్తాయా అని నిలదీసింది. ఆ మాట ఎదురు బెంచీ మీద కూర్చున్న మామగారికి వినబడాలనే అంది.

మామగారు సిటీ బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. టికెట్టు లేదని సొంత బావమరిదినే నిండు బస్సులోంచి దింపేసిన మనిషి. ఆ దెబ్బతో అత్తగారు బతికున్నంతకాలం పుట్టింటి వాళ్ళకు ముఖం చూపించలేకపోయిందని బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లోనూ ఆయనది అదే తీరు. కొడుకు మొదటిసారి మాట ముద్దగా, అడుగు తడబడుతూ ఇంటికొచ్చిన రోజున ఆయన వాకిట్లోనే రూలు చదివారు. తాగొచ్చినవాడికి ఈ ఇంట్లో అన్నం లేదు.

అప్పటి నుంచీ ఆ రూలు ఆ ఇంట్లో సాగుతూనే ఉంది. లిఫ్టు పని ఒకసారి చేతిలోకి తీసుకుంటే మధ్యలో వదిలిపెట్టి రాలేరు. మనుషులు లోపల ఇరుక్కుని ఉంటారు. అతనికి మధ్యాహ్నం తిండి తప్పిపోయేది. సాయంత్రానికి చేతులు వణుకుతూ, చెమటలు కక్కుతూ, ఎవరిని పడితే వాళ్ళని కసురుతూ వచ్చేవాడు. చిన్ని వంటింటి తలుపు మూసేది. అతను ముందు గదిలో మంచం మీద ఆ బట్టలతోనే పడిపోయేవాడు. ఆమె లోపలి గదిలో గడియ పెట్టుకుని పడుకునేది. వాసన రావడం లేదు కదా మామయ్యా అని ఒకసారి అడిగితే, వాసన లేని సరుకు కూడా దొరుకుతోందని ఆయన తీర్పు చెప్పేశారు.

"బాబాయిగారూ, మీరైనా చెప్పండి. పరీక్ష తేలదు, పాడూ లేదు. దాన్ని నాతో పంపించండి" అంది అక్క.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రెండు రోజులుగా ఆయన నోట్లోంచి ఒక్క తీర్పూ రాలేదు.

"పంపించడానికి నేనెవర్ని? ఉండాలో వెళ్ళాలో ఆ అమ్మాయే చెప్పాలి" అన్నారు చివరికి.

చిన్నికి ఆ మాట కొత్తగా వినిపించింది. ఆయన ఒక విషయాన్ని ఇంకొకరికి వదిలెయ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా ఆమె మనసు అక్కడ లేదు. పొద్దున్న అతను నర్సుతో జోకులేస్తూ హుషారుగా కనిపించినప్పుడు తన గుండె జారిపోవడం ఆమెకు గుర్తొచ్చింది. మొగుడు కులాసాగా ఉంటే భయపడిన పెళ్ళాం లోకంలో తనొక్కతే కాబోలు. పడిపోవాలి, చక్కెర పడిపోవాలి అని రెండు రోజులుగా మొక్కుకుంటోంది. ఆ మొక్కు బయటికి చెబితే ఎవరైనా చీపురు తిరగేస్తారు.

మధ్యాహ్నం ఎండ వరండా మెట్ల దాకా వచ్చిన వేళ నర్సు తలుపు తీసి, ఇంట్లో వాళ్ళని లోపలికి రమ్మంది.

అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. చేతులు దుప్పటిని నలుపుతున్నాయి. తెలివిలో ఉన్నాడో లేదో చూడ్డానికి డాక్టరమ్మ వందలోంచి ఏడు తియ్యమంటే, ఆ ఏడు ఎవరిదని అడిగాడు. నర్సు వేలు పొడిచి మీటరు చూసి డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ తల ఊపి, రక్తం తీసే గొట్టాలు సిద్ధం చెయ్యమంది. చిన్నికి ఆ చూపు తెలుసు, ఆ చెమట తెలుసు. ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి రోజూ చూసిన మనిషే.

అతను తలెత్తి ముందు అక్కని, తర్వాత మామగారిని చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"టికెట్టు ఏదయ్యా?" అన్నాడు ముద్ద మాటతో.

అక్క మామగారి వైపు చూసింది.

"నిన్నే. టికెట్టు లేకుండా ఎక్కావా?"

మామగారు ఖాళీ చేతులు చూపించారు. "లేదు నాన్నా. నా దగ్గర లేదు" అన్నారు.

"అయితే దిగిపో."

ఇంకో రోజైతే అక్క పకపకా నవ్వేదే. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్ని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, ఇక చాలు, ఏదో ఒకటి నోట్లో పెట్టండి అని బతిమాలింది. రక్తం తీసేదాకా పెట్టకూడదని, చక్కెర తగిలిందంటే పడిన శ్రమంతా వృథా అవుతుందని, ఒక్క నిమిషం ఓపిక పట్టమని ఆవిడ మెల్లగా చెప్పింది. ఆ నిమిషం చిన్నికి గడవలేదు. వంటింటి తలుపు మూసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిన రోజులన్నీ ఎలా గడిచాయో ఆమెకే అర్థం కాలేదు.

గొట్టాలు నిండాయి. నర్సు గ్లూకోజు ఎక్కించింది. కొద్దిసేపటికి దుప్పటి నలిపే వేళ్ళు ఆగాయి. అతని కళ్ళలోకి ఎవరో లోపల దీపం పెట్టినట్టు వెలుగొచ్చింది. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా పరకాయించి చూశాడు.

"ఏంటి, అందరూ అలా నిలబడ్డారు? ఎవరైనా పోయారా?"

చిన్ని నవ్వబోయి ఏడ్చింది. నిన్నటి నుంచి నర్సు కాపలాలో, నీళ్ళు తప్ప చుక్క మరొకటి దిగని మనిషి ఇప్పుడే తన కళ్ళముందు తాగుబోతు అయ్యాడు, మళ్ళీ మామూలు మనిషి అయ్యాడు. ఇంకే సాక్ష్యం కావాలి? గుండెల మీద ఎన్నాళ్ళుగానో కూర్చున్న బండరాయిని ఎవరో దొర్లించేసినట్టు ఆమెకు ఊపిరి ఆడింది.

అక్క చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళి కాసేపటికి తిరిగొచ్చింది. బండి పంపించేశానంది. సూట్‌కేసు ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని మంచం కిందికి కాలితో తోసి, డబ్బా మూత తీసి, చెల్లెలి నోట్లో ముద్ద పెట్టింది. క్షమాపణ చెప్పడం అక్కకి రాదు. అన్నం పెట్టడం వచ్చు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ నవ్వుముఖంతో వచ్చింది. రక్త పరీక్షలో అనుమానం ఖాయమైంది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మనం తిన్నప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. కడుపు వెనకాల క్లోమం అనే గ్రంథి ఉంటుంది. అది ఇన్సులిన్ వదిలి ఆ చక్కెరని ఒంట్లో ఎక్కడికి పంపాలో అక్కడికి పంపుతుంది. చక్కెర తగ్గగానే తన పని ఆపేస్తుంది. అప్పటికీ చాలకపోతే కాలేయం తను దాచుకున్నదాంట్లోంచి తీసి ఇస్తుంది. తిన్నా తినకపోయినా మనం మామూలుగా ఉండేది ఈ సర్దుబాటు వల్లనే. ఇతని క్లోమంలో మాత్రం చిన్న కంతి ఒకటి పుట్టి ఉంటుంది. మహా అయితే బఠాణీ గింజంత. దానికి పెరగడం తగ్గడం తెలియదు, ఎప్పుడూ ఇన్సులిన్ పోస్తూనే ఉంటుంది. మెదడుకి చక్కెర అందదు. అప్పుడొచ్చే కోపమూ తిట్లూ మరుపూ మనిషివి కావు, ఆకలితో అల్లాడే మెదడువి.

అతను శ్రద్ధగా విన్నాడు. మోటారు చప్పుడు వినేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు.

"అంటే లిమిట్ స్విచ్ పోయిందన్నమాట. మోటారు బానే ఉంది, ఆగాల్సిన అంతస్తులో ఆగట్లేదు."

"అంతే. ఆ స్విచ్ ఎక్కడుందో స్కాన్ చేసి కనిపెట్టి, ఆపరేషన్ చేసి తీసేస్తాం. ఇలాంటివి చాలామటుకు మంచివే, తీసేస్తే పీడ వదులుతుంది" అంది ఆవిడ. అప్పటిదాకా మాత్రం కడుపు ఖాళీగా ఉంచకూడదని, పడుకునే ముందు తప్పకుండా తినాలని గట్టిగా చెప్పింది. కంపెనీ వాళ్ళతో తనే మాట్లాడతానంది.

"అయితే నేను తాగుబోతుని కాదు" అన్నాడతను. అదేదో తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అతను కొన్ని నెలలుగా తాగుడు మానేవాళ్ళ సంఘానికి వెళ్తున్నాడట. అందరూ తాగావు తాగావు అంటుంటే, తనకేమో ఆ సమయంలో జరిగిందేదీ గుర్తుండకపోతే, నిజంగానే తాగుతున్నానేమో అనుకున్నాడు. సంఘంలో లేచి నిలబడి, నేను తాగుబోతుని అని ఒప్పుకుంటే చప్పట్లు కొట్టారట.

"ఒక్క చుక్క తాగినట్టు కూడా గుర్తు లేదండీ అన్నాను. గుర్తు లేకపోవడమే పెద్ద లక్షణం అన్నారు" అన్నాడు.

నర్సు మూతి బిగించుకున్నా నవ్వు ఆగలేదు. అక్క అయితే గోడకి ఆనుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ గదిలో అంత నవ్వు వినబడి చాలా రోజులైంది. చిన్ని కూడా నవ్వింది. మామగారొక్కరే నవ్వలేదు.

డాక్టరమ్మ వెళ్ళబోతూ చిన్నిని, మామగారిని తన గదిలోకి రమ్మంది. ఆపరేషన్ సంగతేమోనని చిన్ని కంగారు పడింది. అది కాదు.

"ఒక్క విషయం నాకు అర్థం కావట్లేదమ్మా. రాత్రిళ్ళు ఈయన ఏం తినేవారు?"

చిన్ని నేల చూపులు చూస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇంట్లో ఒక రూలు ఉందని, ఆ స్థితిలో వచ్చిన రోజున అన్నం పెట్టేది కాదని. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. డాక్టరమ్మ తిట్టలేదు. తెలియక చేశారు అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"కానీ అలా అయ్యుండదు. ఇంత జబ్బుతో, అన్ని రాత్రులు ఖాళీ కడుపుతో పడుకుంటే ఈపాటికి ఫిట్స్ రావాలి. ఏదో ఒక తెల్లవారి లేవకుండానే పోవాలి. ఎవరో ఏదో పెడుతూనే ఉన్నారు. ఎవరో గానీ ఈయన ప్రాణం నిలబెట్టారు."

ఎవరూ లేరని చెప్పబోయి చిన్ని ఆగింది. ఆ ఇంట్లో ఉన్నదే ముగ్గురు. పక్కకి తిరిగి చూసింది. మామగారు గోడ మీద వేలాడుతున్న మనిషి లోపలి అవయవాల బొమ్మని ఎంతో ఆసక్తిగా చూస్తున్నారు. ఆయన చెవి తమ్మెలు ఎర్రగా ఉన్నాయి.

వరండాలోకి వచ్చాక ఆమె ఆయనకి అడ్డంగా నిలబడింది. ఆయన తప్పించుకోవడానికి చూశారు. టికెట్టు లేనివాడు కండక్టరుని చూసి తలుపు వైపు జరిగినట్టు జరిగారు.

"పాలేనమ్మా" అన్నారు చివరికి. "తెల్లవారుజామున లేచి, పాలలో కాస్త చక్కెర ఎక్కువ వేసి వాడి పక్కన స్టూలు మీద పెట్టేవాణ్ణి. గ్లాసు నేనే కడిగేసేవాణ్ణి."

"నాకు చెప్పొచ్చు కదా మామయ్యా."

"చెబితే నువ్వే రాత్రి అన్నం పెట్టేదానివి. ఇంకా రూలేముంటుంది?" ఆయన కళ్ళజోడు తీశారు. "తాగొచ్చాడనే అనుకున్నానమ్మా. ఏదో కనిపెట్టేసి పెట్టింది కాదు. తాగినా వాడి కడుపు కడుపే కదా అనిపించింది. పడుకుంటే నిద్ర పట్టేది కాదు."

చిన్ని బెంచీ మీద కూలబడింది. ఆయన మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. రూలు పెట్టిన మనిషి ఒక్క రాత్రి కూడా దానికి కట్టుబడలేకపోయాడు. పక్కింటి మనిషిలా గడియ పెట్టుకుని, ఆ రూలుని తు.చ. తప్పకుండా పాటించింది తను. భర్త బతికాడన్న సంతోషం ఎంత నిజమో, అందులో తన చెయ్యి లేదన్న సిగ్గూ అంతే నిజం. 

కాసేపటికి ముఖం కడుక్కుని గదిలోకి వెళ్ళింది. అక్క పళ్ళు కొనడానికి కిందికి వెళ్ళినట్టుంది. అతనొక్కడే దిండుకి ఆనుకుని, రొట్టె ముక్కలు పాలలో ముంచుకుని తింటున్నాడు. ఆమెను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు. నెలల తర్వాత అతని పక్కన కూర్చుంది. అతని చెయ్యి చల్లగా లేదు, వణకడం లేదు. మామూలు చెయ్యి. దాన్ని ఆమె తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"సూట్‌కేసు చూశాను" అన్నాడు అతను.

ఆమె బిగుసుకుపోయింది.

"తప్పు పట్టనులే. ఇంకొకరైతే ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళు." గిన్నె పక్కన పెట్టి మూతి తుడుచుకున్నాడు. "నీతో ఒక మాట చెప్పాలి. గడియ పెట్టుకున్నావని, మాట్లాడట్లేదని నాకెప్పుడూ కోపం రాలేదు. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"పొద్దున్నే మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా వణుకు, కళ్ళు కనబడేవి కావు. చెయ్యి చాపితే స్టూలు మీద పాలు ఉండేవి. తాగాక పది నిమిషాలకి మనిషినయ్యేవాణ్ణి. ముఖం కడుక్కుని వచ్చేసరికి గ్లాసు ఉండేది కాదు. నాన్న కంట పడకుండా తీసేస్తున్నావని నవ్వుకునేవాణ్ణి." అతను పక్కన పెట్టిన పాల గిన్నె వైపు చూశాడు. "లోకమంతా తాగుబోతు అంటోంది, నేనూ నమ్మాను. అయినా ఈ ఇంట్లో ఒక్క మనిషి నన్ను వదిలెయ్యలేదనుకున్నాను. ఆ గ్లాసే లేకపోతే నేను ఎటో వెళ్ళిపోయేవాణ్ణి చిన్నీ."

చిన్ని తల తిప్పుకుంది. గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. అన్నీ విన్నారని మాత్రం ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. ఆమె చూపు కలవగానే ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకరిని టికెట్టు లేకుండా వదిలేస్తున్నారు.

అతను ఆమె చేతిని మెల్లగా కదిపాడు.

"నువ్వేగా?"